ఆగమన కాలం

ఆగమన కాలం క్రైస్తవ ఆరాధన సంవత్సరానికి మొదటి అంకం. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలు ఇందులో ఉంటాయి. నవంబరు 30న జరిగే అంద్రెయ పండుగకు ఏ ఆదివారం దగ్గరగా ఉంటే ఆ రోజున మొదలై, డిసెంబరు 24 సాయంత్రం ముగుస్తుంది. క్రిస్మస్ ఏ వారం పడిందన్నదాన్ని బట్టి 22 నుంచి 28 రోజులు నడుస్తుంది. కతోలికులు, లూథరన్లు, ఆంగ్లికన్ మూలాలున్న సంఘాలవారు దీన్ని పాటిస్తారు. తూర్పు ఆర్థడాక్స్ సంఘాల్లో దీనికి బదులు 40 రోజుల ఉపవాసం ఉంటుంది.

క్రిస్మస్‌కు ఇల్లు సర్దుకునే నెలగా మాత్రమే దీన్ని చూసేవాళ్లు మొదటి ఆదివారపు పఠనం విని ఆశ్చర్యపోతారు. అందులో బేత్లెహేము ఉండదు, పశువుల తొట్టి ఉండదు. మత్తయి 24, మార్కు 13, లూకా 21 అధ్యాయాల్లో ఒకటి చదువుతారు. మూడింటిలోనూ యేసు లోకాంతం గురించి, మెలకువగా ఉండడం గురించి శిష్యులతో మాట్లాడతాడు. అంటే సంఘం తన కొత్త సంవత్సరాన్ని చరిత్ర ముగింపు గురించిన మాటతో మొదలుపెడుతుంది. పుట్టిన ప్రభువును తలచుకోవడం, తిరిగి రానున్న ప్రభువు కోసం కనిపెట్టడం, ఈ రెండూ ఒకే ప్రార్థనలో కలిసి నడుస్తాయి. 12వ శతాబ్దపు సన్యాసి క్లేర్వో బెర్నార్డు ఈ రెండింటి మధ్య మూడో రాకడ గురించి చెప్పాడు: ఈనాడు, కంటికి కనబడకుండా, విశ్వాసి హృదయంలోకి క్రీస్తు రావడం. మిగిలిన రెండు రాకడలకు మనిషి సాక్షి మాత్రమే, ఈ మూడోదానికి అతను తలుపు తీయాలి. ఆగమన కాలపు ఆత్మీయ సారం ఇక్కడే ఉంది.

దీని తొలి జాడ 380లో స్పెయిన్‌లోని సరగోసాలో జరిగిన సంఘ సభలో దొరుకుతుంది. డిసెంబరు 17 నుంచి జనవరి 6 వరకు ఎవరూ ఆరాధన మానకూడదని ఆ సభ తీర్మానించింది. 5వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని టూర్ పట్టణపు బిషప్ పెర్పెతువుస్ నవంబరు 11 నుంచి క్రిస్మస్ వరకు వారానికి మూడు రోజులు ఉపవాసం నియమించాడు. పశ్చాత్తాపానికి గుర్తుగా ఊదా రంగు వస్త్రాలు వాడడం, కతోలిక పూజలో దేవదూతల మహిమ గీతం ఆపేయడం ఈ పాత ఉపవాసపు ఛాయలే. మూడో ఆదివారం మాత్రం ఆనందానికి కేటాయించారు. ఆ రోజు గులాబీ రంగు వాడవచ్చు. వారానికొకటి చొప్పున కొవ్వొత్తులు వెలిగించే ఆకుల చక్రం చాలా తర్వాతిది. 1839లో హాంబర్గ్‌లో పేద పిల్లల ఆశ్రమం నడిపిన లూథరన్ వేదాంతి యోహాన్ హిన్రిఖ్ విఖెర్న్ దాని తొలి రూపాన్ని మొదలుపెట్టాడు.

ఈ నాలుగు వారాలకు ముగ్గురు గురువులు: యెషయా ప్రవక్త, బాప్తిస్మమిచ్చు యోహాను, మరియ. యెషయా 40వ అధ్యాయం బబులోను చెరలో, సొంత నేలకు దూరంగా ఉన్నవాళ్లను ఓదారుస్తుంది. మరియ పాటలో బలవంతులు సింహాసనాల నుంచి దిగుతారు, దీనులు పైకి లేస్తారు. లూకా 3వ అధ్యాయంలో జనం మారుమనస్సు అంటే ఏం చేయాలని అడిగితే యోహాను ధ్యానం గురించి చెప్పడు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలంటాడు. సుంకరులు ఎక్కువ వసూలు చేయకూడదు, సైనికులు ఎవరినీ బెదిరించి లాక్కోకూడదు. కనిపెట్టడం అంటే చేతులు ముడుచుకు కూర్చోవడం కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

తెలుగు సంఘాలన్నిటికీ ఈ కాలం ఒకేలా పరిచయం లేదు. 1842లో మిషనరీ హేయర్ గుంటూరు రావడంతో మొదలైన లూథరన్ మిషను, కతోలిక మేత్రాసనాలు, 1947లో ఏర్పడ్డ దక్షిణ ఇండియా సంఘం దీన్ని ఆరాధన క్రమంలో ఉంచుకున్నాయి. ఒంగోలు చుట్టుపక్కల బలపడిన బాప్టిస్టులకు, తర్వాత వచ్చిన పెంతెకొస్తు సంఘాలకు ఇలాంటి క్యాలెండరు అలవాటు లేదు. అయినా ప్రభువు రాకడ గురించిన బోధ వాళ్ల దగ్గర ఏడాది పొడవునా వినబడుతుంది. ఇప్పుడు అందరినీ కలిపేది సెమీ క్రిస్మస్. డిసెంబరు మొదటి వారంలోనే కేకు కోసి, పండుగ పాటలన్నీ పాడేస్తారు. ఆ సంతోషం నిజమైనదే. కానీ ఎదురుచూడాల్సిన వారాలు అందులో కరిగిపోవడం తెలుగు క్రైస్తవానికి నష్టమే.

ముంబైలో స్థిరపడిన తెలుగువాళ్లను ఈ పఠనాలు మరో రకంగా తాకుతాయి. 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాలనుంచి కట్టడాల పనికి వచ్చిన కామాఠీల పేరే కామాఠీపురాకు వచ్చింది. తర్వాత కరీంనగర్, నల్గొండ, వరంగల్ వైపు నుంచి నేతపనివాళ్లు బట్టల మిల్లులకు వచ్చారు. వర్లిలో 1920ల్లో కట్టిన బీడీడీ చాల్‌లు (ఒంటిగది ఇళ్ల వసతి భవనాలు) 121. ఒక్కో చాల్‌కు నాలుగు అంతస్తులు, అంతస్తుకు 20 ఖోలీలు (గదులు), ఖోలీ 160 చదరపు అడుగులు. మధ్యలో నడవా, మరుగుదొడ్లు అందరికీ ఉమ్మడి. ఇక్కడి తెలుగువాళ్లలో క్రైస్తవులు కొద్దిమందే. ఇలాంటి ఖోలీలో ప్రార్థన కూడిక పెడితే మంచం ఎత్తి గోడకు ఆనించాలి, సగంమంది నడవాలో నిలబడాలి. పాట అంతస్తంతా వినబడుతుంది. రెండు అంగీల సంగతి అక్కడ ఉపమానం కాదు. పక్క ఖోలీలో ఎవరికి ఏం లేదో అందరికీ తెలుసు.

ఎదురుచూపు ఎంత భారమో కూడా ఈ పేటలకు తెలుసు. 1982 జనవరి 18న కార్మిక నేత దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన మిల్లు కార్మికుల సమ్మె తర్వాత మిల్లులు తెరుస్తారని ఏళ్ల తరబడి చూసిన కుటుంబాలున్నాయి. చాలా మిల్లులు మళ్లీ తెరుచుకోలేదు. అలాంటి చోట నిరీక్షణ గురించి బోధించేవాళ్లు తేలిక మాటలు చెప్పకూడదు. యెషయా కూడా చెర లేనట్టు మాట్లాడలేదు. దాన్ని పేరు పెట్టి చెప్పాకే ఓదార్చాడు. 2025 ఆగస్టులో వర్లి చాల్‌వాసుల్లో మొదటి 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల కొత్త ఇళ్లు అందాయి. మిగతావాళ్లు అప్పటికి తమ వంతు కోసం చూస్తూనే ఉన్నారు.

పఠనాలు మూడేళ్ల చక్రంలో తిరుగుతాయి. యెషయా 40వ అధ్యాయం రెండో ఏడాది రెండో ఆదివారం వస్తుంది. 2026లో అది డిసెంబరు 6న పడుతోంది. అదే రోజు అంబేడ్కర్ వర్ధంతి. వర్లి చాల్‌ల నుంచి బౌద్ధ కుటుంబాలు పక్కనే ఉన్న దాదర్ చైత్యభూమికి బయలుదేరే ఉదయాన, చెరలోని ప్రజకు ఓదార్పు చెప్పే ఆ అధ్యాయాన్ని ఈ చక్రాన్ని అనుసరించే సంఘాలు చదువుతాయి.