బడిలో పిల్లలకు పదవులు

ఒక తరగతిలో ముప్పది నలువదిమంది పిల్లలు. చదువు చెప్పువాడు ఒక్కడు. అందరిచేతను చదివించుట ఎట్లు? చదివినది అందరికిని బోధపడినదని తెలిసికొనుట ఎట్లు? ఈ చిక్కు నేటిది కాదు. పిల్లలకే తలకొక పని పంచి ఇచ్చుట మన వీధిబడులు ఏనాడో ఎరిగిన ఉపాయము. అది సముద్రములు దాటిన వైనమును, అందులో మిగిలిపోయిన లోటును నేడు మనము కొంచెము విచారింతము.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తమ తమ జిల్లాలలోని పాఠశాలల వివరములు పంపుడని కలెక్టర్లను కోరినాడు. 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించిన ఎ. డి. కాంబెల్ అప్పుడు బళ్ళారి కలెక్టరు. నేటి అనంతపురము సీమ కూడ ఆనాడు ఆ జిల్లాలోనిదే. 1823లో అతడు పంపిన నివేదిక ప్రకారము అక్కడి బడులు 533. చదువుకొను పిల్లలు 6,641. తొమ్మిది లక్షలకు మించిన జనములో ఇది నూటికి ఒకటి కూడ కాదు. వెనుక బడులున్న అనేక గ్రామములలో అవి మూతపడినవనియు, జనుల పేదరికమే అందుకు కారణమనియు అతడు దాచక వ్రాసినాడు.

ఆ నివేదికలో బడి కన్నులకు కట్టినట్లుండును. ఉదయమున మొదట వచ్చిన బాలుని అరచేతిలో సరస్వతి నామము వ్రాసెడివారు. రెండవవానికి సున్న, అనగా మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆపైన వచ్చినవారికి వరుసగా ఒక్కొక్కటి ఎక్కువ. పిమ్మట పిల్లలను వారి వారి చదువునుబట్టి తరగతులుగా విభజించి, చిన్న తరగతులను కొంతవరకు పెద్ద పిల్లలకు అప్పగించెడివారు. చిన్నవారు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దెడివారు. చెప్పెడి బాలునకు తన చదువు గట్టిపడును. వినెడి బాలునకు అక్షరము అబ్బును. ఈ పద్ధతి ఇంగ్లండు అనుకరింపదగినదే యని కాంబెల్ మెచ్చుకొన్నాడు.

అప్పటికే ఇంగ్లండు అనుకరించి యుండెను. 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమమునకు అధికారియైన ఆండ్రూ బెల్ మతాచార్యుడు, దేశీయపు బడిలో ఇసుక వ్రాతను చూచి తన బడిలో ప్రవేశపెట్టబోయినాడు. సహాయోపాధ్యాయులు సమ్మతింపలేదు. అంతట ఎనిమిదేండ్ల బాలునకే ఆ తరగతిని ఒప్పగించినాడు. 1797లో లండనులో ఆయన ప్రకటించిన పుస్తకముతో 'మద్రాసు పద్ధతి' ప్రసిద్ధి కెక్కినది. 1798లో జోసెఫ్ లాంకాస్టరు లండను బరో రోడ్డులో ఇట్టి బడినే నెలకొల్పినాడు. ఒక్క గురువు జీతముతో వందలమందికి చదువు! ధర్మదాతలకు ఇంతకంటె నచ్చునదేమున్నది?

అయితే కాంబెల్ మెచ్చినది సగమే. మిగిలిన సగము ఫిర్యాదు. పిల్లలు కావ్యభాషలోని పద్యములను గడగడ చదువుదురు. అర్థము మాత్రము చెప్పలేరు. పెద్ద పిల్లవానికి గురువిచ్చిన పని అప్పజెప్పించుకొనుటయే గాని అర్థము విచారించుట కాదు. తనకు తెలియనిది అతడెట్లు చెప్పగలడు? ఇంగ్లండులోను ఇదే లోటు బయటపడినది. 1846లో అక్కడ, వయస్సు మీరిన విద్యార్థులకు భృతినిచ్చి బోధనలో శిక్షణ నిప్పించు కొత్త ఏర్పాటు వచ్చి, పాత పద్ధతి క్రమముగా వెనుకబడినది.

పదవుల పంపకము మాత్రము నశింపలేదు, పదవి మారినది. 1984లో అమెరికాలో అన్‌మేరీ పాలింక్‌సార్, యాన్ బ్రౌన్ అను పండితురాండ్రు తమ పరిశోధనను ప్రకటించిరి. వారు ఎన్నుకొన్నది చక్కగా చదువగలిగియు భావము గ్రహింపలేని పిల్లలనే. అనగా కాంబెల్ చూచినట్టి పిల్లలనే. నాలుగు పనులు నేర్పిరి: ప్రశ్న వేయుట, సారాంశము చెప్పుట, అర్థముకాని చోటును స్పష్టము చేసికొనుట, రాబోవునది ఊహించుట. మొదట గురువు చేసి చూపును. తరువాత పిల్లలు వంతులవారిగా గురుస్థానమున కూర్చుందురు. 1994లో హార్వీ డేనియల్స్ ప్రకటించిన గ్రంథము వలన పఠనగోష్ఠులలో ఒకరు చర్చ నడుపుట, ఒకరు మాటల అర్థము వెదకుట వంటి పంపకము బడులలో వ్యాపించినది. ఆ పాత్రలకు ఇచ్చిన కాగితములు నింపుటయే చర్చ యగుచున్నదని పిమ్మట ఆయనయే హెచ్చరించినాడు.

రెండు శతాబ్దముల ఈ కథలో మారినది ఒక్కటే. వీధిబడిలో పెద్ద పిల్లవాడు జవాబు తెలిసినవాడు; గోష్ఠిలో ప్రతి పిల్లవాడును ప్రశ్న అడుగువాడు. మన ఇండ్లలో బిడ్డ పాఠము అప్పజెప్పినపుడు తప్పులు దిద్ది ఊరకుందుము. ఆ పాఠము నుండి మనలనొక ప్రశ్న అడుగుమని బిడ్డనే కోరిచూతము. ఆ ప్రశ్న వచ్చిననాడు చదువు వచ్చినదని నమ్మవచ్చును.