గౌలిపురా గల్లీ, అమ్మమ్మ చబుత్రా

గౌలిపురాలో మా అమ్మమ్మ వాళ్ళింటి ముందు ఒక రాతి అరుగు ఉంది. పాతబస్తీ భాషలో చబుత్రా. నా చిన్నప్పుడు సాయంత్రం అయిదయ్యేసరికి అమ్మమ్మ చాట పట్టుకుని దాని మీద కూచునేది. చేతులు బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే, చెవులు గల్లీ వార్తలు ఏరేవి. ఎవరింట్లో పెళ్ళిచూపులు, ఎవరి పిల్లాడు బడి ఎగ్గొట్టాడు, అన్నీ ఆవిడకి ముందే తెలిసేవి. మేం పిల్లలం ఆ గల్లీలోనే గోటీలు, క్రికెట్టు ఆడేవాళ్ళం. బండి వస్తే ఆట ఆపేవాళ్ళం. గంటకి రెండు మూడు సార్లు ఆపేవాళ్ళమేమో.

కొన్ని నెలల కిందట ఒక సాయంత్రం ఆ చబుత్రా దిగుతుంటే బైకు తగిలి అమ్మమ్మ తుంటి ఎముక విరిగింది. బైకు అబ్బాయి చెడ్డవాడేం కాదు. వీపున డెలివరీ బ్యాగు, ఎదర ఫోను, ఫోనులో మ్యాపు చూపించిన అడ్డదారి. ఆవిణ్ణి ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది కూడా ఆ అబ్బాయే.

వారం తిరక్కుండా మా మేనమామ, ఎదురింటి చాచా కలిసి రెండు బస్తాల సిమెంటు తెచ్చి రాత్రికి రాత్రే గల్లీలో స్పీడ్ బ్రేకరు పోసేశారు. తర్వాత అమ్మమ్మని చెకప్‌కి తీసుకెళ్తుంటే ఆటో దాని మీంచి ఎగిరిపడింది. "గిది బండ్ల కోసం ఏసిండ్రా, నా నడుం ఇరగ్గొట్టనీకి ఏసిండ్రా?" అంది ఆవిడ. నాకు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఇంజినీరింగ్ చదివిన మనవణ్ణి నేనుండగా ఆ దిబ్బ ఎంత ఎత్తుండాలో ఎవరూ నన్ను అడగలేదు. అడిగినా నాకు తెలీదు.

ఆ రాత్రి వెతికితే తెలిసింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ దీనికి 1988లోనే ఒక ప్రమాణం రాసి పెట్టింది. ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, గంటకి 25 కిలోమీటర్ల వేగంతో దాటేవాడికి ఇబ్బంది లేకుండా. 2018లో దాన్ని ట్రాఫిక్ శాంతపరిచే పద్ధతులన్నిటితో కలిపి తిరగరాశారు. మన గల్లీల్లో పోసేది మాత్రం అడుగున్నర వెడల్పు గోడ! సరే, గూగుల్లో ఒక లింకు నొక్కితే అది ఇంకో లింకుకి తీసుకెళ్తుంది కదా. అలా మొదలై నాలుగు వందల ఏళ్ళు వెనక్కి పోయాను. ఆ కథే ఇది.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా మూసీకి దక్షిణాన కొత్త నగరం కట్టించాడు. ప్లాను వేసింది ఆయన పీష్వా, ఇరాన్ నుంచి వచ్చిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ అని చరిత్రకారులు చెప్తారు. రెండు పెద్ద బాటలు ఒకదాన్నొకటి కోసుకునే చోట చార్మినార్. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకి పోయే వర్తకపు దారికి ముడిపెట్టిన కూడలి అది. దానికి కొంచెం ఉత్తరాన గుల్జార్ హౌజ్, దాని చుట్టూ 1592లో కట్టిన నాలుగు కమాన్లు. హైటెక్ సిటీని చూసి ఇదీ ప్లానింగంటే అనుకునే మనం, ఒకసారి ఆ కమాన్ల కింద నిలబడి నాలుగు వైపులా చూడాలి.

పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఈ ఊరి వీధుల్ని మెచ్చుకున్నాడు. రాళ్ళు పరచకపోవడం వల్ల వేసవిలో దుమ్ముతో చచ్చిపోతున్నామని కూడా రాశాడు. (దుమ్ము గురించి ఫిర్యాదు అప్పట్నుంచీ పెండింగులోనే ఉందన్నమాట.)

అయితే అసలు తెలివి ఆ పెద్ద వీధుల వెనకాల ఉంది. బజారు నుంచి మొహల్లా, మొహల్లా నుంచి గల్లీ, గల్లీ నుంచి ఇంకా సన్న గల్లీ, అది పోయి పోయి ఎవరింటి గోడకో, ఏ దేవిడీ గుమ్మానికో ఆగిపోతుంది. ఇదంతా ఒక్కరు గీసిన ప్లాను కాదు. నవాబుల దేవిడీల చుట్టూ, గుళ్ళ చుట్టూ, దర్గాల చుట్టూ తరాల తరబడి పెరిగింది. మన భాషలో చెప్పాలంటే అది మెష్ నెట్‌వర్క్ కాదు, ట్రీ. చెట్టులో ఆకు దాకా వచ్చేవాడు ఆ ఆకుతో పని ఉన్నవాడే. ఆకు మీంచి ఇంకో కొమ్మకి దూకే దారి లేదు. కాబట్టి గల్లీలోకి కొత్త మనిషి వస్తే "ఎవరు కావాలి?" అని అడిగే హక్కు చబుత్రా మీద కూచున్న వాళ్ళకి ఉండేది. స్పీడ్ బ్రేకరు అక్కర్లేదు, మలుపే బ్రేకరు.

ఊరంతటికీ కూడా అదే సూత్రం. పద్దెనిమిదో శతాబ్దంలో మొఘల్ సుబేదారు ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టిన ప్రాకారాన్ని నిజాం పూర్తి చేయించాడు. డజనుకు పైగా దర్వాజాలు ఉండేవి. వాటిలో ఇవాళ దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు మాత్రమే నిలబడి ఉన్నాయి. మిగతావి బస్ స్టాపుల పేర్లలో బతుకుతున్నాయి.

ఆ రోజులన్నీ బంగారం అని నేననను. అదే ఇరుకు గల్లీల్లో డ్రైనేజీ లేదు, గాలి లేదు, రోగం వస్తే ఇల్లిల్లూ తుడిచిపెట్టుకుపోయేది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించడం, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టడం మనందరికీ తెలుసు. తక్కువ చెప్పుకునేది 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు గురించి. మురికివాడలు తీసేసి ఇళ్ళు కట్టడం, డ్రైన్లు వేయడం, రోడ్లు వెడల్పు చేయడం దాని పని. పత్తర్‌గట్టి ఆ బోర్డు కట్టించిందే. ఒకసారి గమనించండి, అక్కడ రోడ్డు వెడల్పు చేశారు గానీ నడిచేవాణ్ణి మర్చిపోలేదు. రెండు వైపులా రాతి కమాన్ల వరస, కింద దుకాణాలు, పైన ఇళ్ళు, కొనేవాడికి నీడ. వెడల్పు చేసిన రోడ్డు కూడా మనుషుల రోడ్డుగానే మిగిలింది.

ఆ తర్వాత రోడ్డు వెడల్పు అన్న మాట మిగిలింది, ఆ రాతి కమాన్లు మాయమయ్యాయి. 1949లో జాగీర్లు రద్దయ్యాక దేవిడీలు ముక్కలై, ప్లాట్లై అమ్ముడుపోయాయి. గోడలు పడి, మధ్యలోంచి కొత్త సందులు పుట్టాయి. అంటే ట్రీ మెల్లగా మెష్ అయింది. తర్వాత ఏ సందులోనైనా పట్టే స్కూటర్లు, బైకులు వచ్చాయి. చివరగా మనం వచ్చాం, అంటే సాఫ్ట్‌వేరోళ్ళం. షార్టెస్ట్ పాత్ అల్గారిథమ్ రెండో ఏడాదిలో అందరం రాసినవాళ్ళమే. దానికి మా అమ్మమ్మ గల్లీ ఒక ఎడ్జ్. దాని బరువు నలభై సెకన్లు. ఆ ఎడ్జ్ మీద చాట పట్టుకుని ఒక ముసలావిడ కూచుని ఉందన్న ఫీల్డు ఆ టేబుల్లో లేదు. బైకు అబ్బాయి కంటే మనమే పెద్ద ముద్దాయిలమేమో అని నాకు అనుమానం.

మరి ప్రభుత్వం ఏమీ చేయలేదా అంటే, చేసింది. చార్మినార్ పాదచారుల ప్రాజెక్టు ఏళ్ళ తరబడి కాగితాల మీద నలిగి, నత్తనడక నడిచి, 2010ల రెండో సగానికి ఒక రూపానికి వచ్చింది. చార్మినార్ చుట్టూ బండ్లు ఆపారు, రాళ్ళు పరిచారు, బొల్లార్డులు పాతారు. (టావెర్నియే ఉంటే సంతోషించేవాడు.) 2021 అక్టోబరులో ఆదివారం సాయంత్రాలు 'ఏక్ షామ్ చార్మినార్ కే నామ్' పెట్టినప్పుడు నేనూ వెళ్ళాను. హారన్ మోత లేకుండా చార్మినార్ని చూడటం అదే మొదటిసారి. నిజంగా బావుంది.

కానీ నీళ్ళు ఒక చోట ఆపితే ఇంకో చోట పారతాయి. చార్మినార్ కింద నుంచి తీసేసిన బండ్లు గాల్లో కలిసిపోవు కదా! ఆ ప్రాజెక్టులోనే ఇన్నర్ రింగు, ఔటర్ రింగు అని రెండు చుట్టు రోడ్లు అనుకున్నారు. కోట్ల అలీజా, మొఘల్‌పురా, ఖిల్వత్ లాంటి జనం కాపురముండే చోట్ల గుండా వెళ్ళేవి అవి. వాటి కోసం ఆస్తుల సేకరణ ఏళ్ళకేళ్ళు సాగింది. అంటే కట్టడానికి ప్రశాంతత ఇచ్చి, ఆ రద్దీని కాపురాల మధ్యకి పంపాం. టూరిస్టు సెల్ఫీ దిగే చోట బొల్లార్డు ఉంది, పిల్లాడు బడికి పోయే గల్లీ మొదట్లో లేదు. నా ఫిర్యాదల్లా ఇదే. ట్రాఫిక్‌ని శాంతపరచడం కట్టడం దగ్గర కాదు, గడప దగ్గర మొదలవ్వాలి.

గడప దగ్గర మొదలుపెట్టిన ఊరు ఒకటుంది, నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్. 1960ల చివర్లో అక్కడి ఇళ్ళ వీధుల్లో ఫుట్‌పాత్, రోడ్డు అన్న తేడా తీసేసి, మధ్యమధ్యలో చెట్లు, బెంచీలు, వంకర్లు పెట్టారు. కారు రావచ్చు, కానీ చుట్టంలా రావాలి. దాన్ని వూనెర్ఫ్ అన్నారు, అంటే కాపురాల ముంగిలి. 1976లో అది చట్టం అయింది. ఊరికే అవలేదు. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద 3,000 మందికి పైగా చచ్చిపోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలు. కూతుర్ని పోగొట్టుకున్న ఒక విలేకరి పిలుపుతో తల్లిదండ్రులు వీధుల్లో కూచున్నారు. ఈ రోజు మనం మెచ్చుకునే డచ్చి సైకిళ్ళ వెనక ఆ ఏడుపు ఉంది.

ఇంకో సంగతి. డొనాల్డ్ యాపిల్‌యార్డ్ అనే ప్రొఫెసర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకేలాంటి మూడు వీధుల్ని పోల్చి చూశాడు. రోజుకి 2,000 బండ్లు పోయే వీధిలో ఒక్కొక్కరికి ఆ వీధిలో సగటున 3 స్నేహితులు ఉన్నారు. 16,000 బండ్లు పోయే వీధిలో ఒక్కరు కూడా లేరు, సగటు 0.9. మా అమ్మమ్మకి ఈ లెక్క చెప్తే "గది ఎర్కలేదా?" అంటుంది.

ఇక పాతబస్తీలో చబుత్రా అన్న మాటకి ఏం గతి పట్టిందో చూడండి. 2010ల మధ్య నుంచి పోలీసులు రాత్రిళ్ళు గల్లీల్లో, అరుగుల మీద కూచున్న కుర్రాళ్ళని పట్టుకుని తల్లిదండ్రుల్ని పిలిపించి కౌన్సెలింగ్ ఇచ్చే కార్యక్రమానికి పెట్టిన పేరు 'ఆపరేషన్ చబుత్రా'. వాళ్ళ కారణాలు వాళ్ళకి ఉండొచ్చు, అర్ధరాత్రి అల్లరి ఎవరికీ ఇష్టం కాదు. కానీ ఒకప్పుడు గల్లీకి కాపలా కాసిన చోటే ఇప్పుడు అనుమానం చోటైంది. సాయంత్రం పెద్దవాళ్ళు కూచోవడానికి వీల్లేని అరుగు రాత్రి ఎవరి పాలవుతుందో వేరే చెప్పాలా?

"సన్న గల్లీలు అలాగే ఉంచితే ఫైరింజను ఎలా వస్తుంది?" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయారు, వాళ్ళలో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. ఆ వార్త చదివి రెండ్రోజులు నిద్ర పట్టలేదు. కానీ అక్కడ ప్రాణం తీసిన ఇరుకు ముఖ్యంగా ఇంట్లోది, లోపలికి పోయే దారి, మెట్లు. పైగా బండ్లని మెల్లగా నడిపించడం అంటే దారి మూసెయ్యడం కాదు. అడ్డంగా పార్కింగు లేని పన్నెండడుగుల గల్లీ, రెండు వరసల కార్లు ఆపిన ముప్ఫై అడుగుల రోడ్డు కంటే ఫైరింజనుకి మేలు. తాళం తీసి పడుకోబెట్టే బొల్లార్డులు ప్రపంచమంతా ఉన్నాయి.

ఇప్పుడు పాతబస్తీకి మెట్రో వస్తోంది. 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది, 2025లో దారుల్‌షిఫా వైపు ఆస్తుల కూల్చివేతలు మొదలయ్యాయి. రావాల్సిందే, నేను వద్దనను. కానీ స్టేషన్ వచ్చాక దాని చుట్టూ ఉన్న ప్రతి గల్లీ ఆటోలకీ బైకులకీ అడ్డదారి అవుతుంది. గల్లీల సంగతి ఆలోచించాల్సింది స్టేషన్ తెరిచాక కాదు, ఇప్పుడే.

ఏం చెయ్యాలంటే నా చిన్న బుర్రకి తోచినవి ఇవి. గల్లీ మొదట్లో రోడ్డుని మెల్లగా వాలుతో ఆరంగుళాల లోపు ఎత్తు చేసి ఇటుకలు పరచాలి, లోపలికి వచ్చేవాడికి గడప దాటినట్టు అనిపించాలి. రెండు పెద్ద రోడ్లని కలిపే సందుల్లో మధ్యన ఒక చోట బొల్లార్డు పెడితే చాలు, మెష్ మళ్ళీ ట్రీ అవుతుంది. నడిచేవాడు, తోపుడుబండి వాడు దాటతారు, కారు ఆగుతుంది. 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి గుద్దే శక్తి 30తో వచ్చేదాని కంటే దాదాపు మూడు రెట్లు, ఇంటర్ ఫిజిక్సే. ముందు నెల రోజులు పూలకుండీలతో పెట్టి చూడొచ్చు. బాలేకపోతే రోల్‌బ్యాక్. బోనాలప్పుడు లాల్‌దర్వాజాలో, మొహర్రంలో బీబీ కా ఆలం ఊరేగింపుకి దబీర్‌పురాలో ఏటా వీధులు మనుషులకి అప్పగిస్తూనే ఉన్నాం కదా. అలవాటు లేనిదేం కాదు.

పోయిన ఆదివారం మామయ్యా, చాచా, నేనూ కలిసి ఆ సిమెంటు దిబ్బని పగలగొట్టి 3.7 మీటర్ల వెడల్పుతో మళ్ళీ పోశాం. కొలతలు నావి, చెమట వాళ్ళది. అమ్మమ్మ వాకర్ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి చూసింది. చబుత్రా మీదకి మాత్రం రాలేదు. "బండ్లు మెల్లగ వోతున్నయా చూడు ముందు" అంది.

చూస్తున్నాం. ఇంకా కొన్ని ఆగట్లేదు.

మీ కాలనీలో మీ అమ్మమ్మ ఎక్కడ కూచుంటుంది?