దొరగారు తెరచిన నాలుగు వచనాలు



1866లో జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టారు. ఆయన బడికి అగ్రకులాల పిల్లలు వచ్చేవారు. ఆ రోజుల్లోనే తాళ్ళకొండపాడు నుండి తోళ్ళ వ్యాపారి యెర్రగుంట్ల పేరయ్యగారు బాప్తిస్మం పొంది, తన మాదిగ జనులకు సువార్త చెప్పసాగారు. వీరిని చేర్చుకుంటే మా పిల్లలను బడి మాన్పిస్తామని ఊరి పెద్దలు దొరగారికి చెప్పారు.

ఏం చేయాలో తోచక ఆయన ప్రార్థించి బైబిలు తెరిస్తే 1 కొరింథీయులకు 1:26-29 కనబడింది. వేరే గదిలో దొరసానిగారు కూడా అదే భాగం చదివారు! అంతకుముందు ఎన్నిసార్లు చదివి ఉంటారో! ఆ రోజు మాత్రం ఆ మాటల్లో వాకిట నిలిచిన మనుషులు కనబడ్డారు. బడి పోయినా సరేనని వారిని చేర్చుకున్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ప్రియులారా, చీటీ తీసినట్టు బైబిలు తెరవమని నేను చెప్పడంలేదు. తెలిసిన వాక్యాన్నే మోకాళ్ళ మీద మళ్ళీ చదవమంటున్నాను.

నేను ఈ భాగాన్ని ఎన్నోసార్లు ప్రసంగించాను, "ఆ బలహీనులం మనమే" అని సంతోషించాను. మొన్న తెల్లవారుజామున మళ్ళీ చదువుతుంటే, మిరపకోతకు వలస వచ్చి మన చేల గట్లమీద గుడారాల్లో ఉంటున్న కుటుంబాలు గుర్తుకొచ్చాయి. మందిరానికి రమ్మని వారిని ఒక్కరమూ పిలవలేదు. ఆనాడు వాకిట నిలిచింది మన తాతలు. ఈనాడు వాకిలి మన చేతిలో ఉంది.

ఈ వారం ఆ నాలుగు వచనాలు ప్రార్థనతో మూడుసార్లు చదవండి. ఆదివారం ఉదయం నేను గుడారాల దగ్గరికి వెళ్తున్నాను, నాతో రండి. ఆమేన్.