ముద్ర కూలీ పాస్‌పోర్టు మీద, రెండు వేల జరిమానా ఏజెంటు మీద: 1983 వలస చట్టం ఎందుకు మారాలి?

‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అన్నది ఉత్తర తెలంగాణ బతుకును మూడు మాటల్లో చెప్పే నానుడి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి మగవాళ్లు కూలి పనులకు, కోనసీమ, కడప ప్రాంతాల నుంచి ఆడవాళ్లు ఇంటి పనులకు గల్ఫ్ బాట పట్టి దశాబ్దాలు గడిచాయి. భూమి లేని దళిత, బహుజన కుటుంబాలకు అప్పు తీర్చే దారి, ఇల్లు కట్టుకునే దారి చాలాసార్లు అదొక్కటే. ఈ ప్రయాణాన్ని నడిపించేది 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం. దాన్ని మార్చేందుకు కేంద్రం 2019లో, 2021లో, 2025లో ముసాయిదాలు విడుదల చేసింది. ఏ ముసాయిదానైనా ఒకే ప్రశ్నతో కొలవాలని మేం అంటున్నాం: బాధ్యత ఎవరి మీద పెడుతోంది? వెళ్లే కూలీ మీదా, పంపే ఏజెంటు మీదా?

పదో తరగతి గీత

1922 నాటి వలస పాలన చట్టం స్థానంలో 1983 చట్టం వచ్చింది. దాని కింద పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ‘ఈసీఆర్’ కోవలోకి వస్తుంది. వాళ్లు గల్ఫ్ దేశాలు, మలేషియా సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం నుంచి క్లియరెన్స్ తీసుకోవాలి. ఒప్పందం, జీతం, యజమాని వివరాలు చూసి పంపడం దీని ఉద్దేశం.

చదువు తక్కువైతే మోసపోతాడు, కాబట్టి రక్షణ కావాలి అన్నది ఇందులోని లెక్క. కానీ ఆ గీత ఇప్పుడు రెండు వైపులా నష్టం చేస్తోంది. పదో తరగతి దాటని మాల, మాదిగ కూలీకి క్లియరెన్స్ ఒక తాళమైతే, దాని చెవి ఏజెంటు చేతిలో ఉంటుంది. ‘విజిట్ వీసా మీద పోదాం, అక్కడికి పోయాక మార్చుకోవచ్చు’ అని ఏజెంటు చెబితే నమ్మక తప్పదు. అలా వెళ్లినవాడు ప్రభుత్వ రికార్డులో కూలీగా కనిపించడు. మరోవైపు పదో తరగతి పాసైన యువకుడికి క్లియరెన్స్ అక్కర్లేదు. అతనూ అదే క్యాంపులో ఉంటాడు, అదే క్లీనింగ్ పని చేస్తాడు. అయినా అతని ఒప్పందాన్ని బయలుదేరే ముందు చూసేవాళ్లు లేరు. రక్షణ సర్టిఫికెట్టును బట్టి కాదు, చేసే పనిని బట్టి ఉండాలి.

ఏజెంటుకు చట్టం అంటే భయం ఎందుకు లేదు?

రిజిస్ట్రేషన్ లేకుండా మనుషుల్ని విదేశీ పనికి పంపడం నేరం. శిక్ష రెండేళ్ల వరకు జైలు, జరిమానా 2,000 రూపాయల వరకు. 1983లో రాసిన అంకె అది. ఏజెన్సీ ఒక్కొక్కరి దగ్గర తీసుకోగల సర్వీసు చార్జీ నిబంధనల ప్రకారం గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంటే నేరానికి వేసే గరిష్ఠ జరిమానా, సక్రమంగా తీసుకోగల గరిష్ఠ ఫీజులో పదిహేనో వంతు మాత్రమే.

కేసు నడవడానికీ అడ్డంకి ఉంది. ఈ చట్టం కింద ప్రాసిక్యూషన్‌కు కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. బాధితుడు గానీ అతని దగ్గరి కుటుంబ సభ్యులు గానీ ఫిర్యాదు చేస్తేనే మినహాయింపు. కానీ లైసెన్సు నగరంలోని ఏజెన్సీకి ఉంటే, ఊళ్లో డబ్బు తీసుకునేది ఏ లైసెన్సూ లేని సబ్ ఏజెంటు. చాలాసార్లు అతను తెలిసినవాడే, బంధువే. తాకట్టు పెట్టడానికి భూమి లేని కుటుంబం మూడు రూపాయల వడ్డీకి తెచ్చి అతనికిస్తుంది, రసీదు ఉండదు. మోసం బయటపడ్డాక అప్పు మాత్రం మిగులుతుంది. ఫిర్యాదు భారం మొత్తం ఈ కుటుంబం మీదే పెడితే చట్టం పుస్తకంలోనే ఉండిపోతుంది.

ఆడవాళ్లకు వయసు అడ్డు

ఈసీఆర్ దేశాలకు ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలన్న నిబంధన ఉంది. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్లను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ పాతికేళ్లకే ఇద్దరు పిల్లలతో అప్పు మోస్తున్న తల్లికి ఊళ్లో పని చూపకుండా విమానం ఎక్కొద్దంటే ఆమె ఆగదు. దొంగదారిన వెళుతుంది. అక్కడ హింస ఎదురైతే, తానే నిబంధన మీరానన్న భయంతో నోరు విప్పదు.

చావుకు కూడా రెండు లెక్కలు

క్లియరెన్స్‌తో వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియం, 10 లక్షల బీమా. అయితే ఆ మొత్తం ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి మాత్రమే. ఎండలో పనిచేసి నిద్రలో గుండె ఆగిన మనిషిది ‘సహజ మరణం’ అవుతుంది, ఇంటికి శవపేటిక తప్ప ఏమీ రాదు. విజిట్ వీసా మీద వెళ్లినవాళ్లకు ఈ బీమా రక్షణ అందదు.

గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తోంది. 2023 డిసెంబర్ 7 తర్వాతి మరణాలకు ఇది వర్తిస్తుంది. పోరాడి సాధించుకున్న ఫలితమే అయినా అది ప్రభుత్వ ఉత్తర్వు, చట్టపరమైన హక్కు కాదు. ఉత్తర్వులు ఎంత తేలిగ్గా మారతాయో 2020 చెబుతుంది. ఆ సెప్టెంబర్‌లో గల్ఫ్ దేశాలకు వెళ్లే కార్మికుల కనీస వేతన ప్రమాణాన్ని కేంద్రం సర్క్యులర్లతో తగ్గించింది. తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడ్డాక, 2021లో వెనక్కి తీసుకుంది.

చట్టంలో ఏం ఉండాలి?

ఫిలిప్పీన్స్ 1995లో చేసిన వలస కార్మికుల చట్టం ఒక దారి చూపింది. జీతం ఎగ్గొడితే విదేశీ యజమానితో పాటు స్వదేశంలోని ఏజెన్సీ కూడా బాధ్యత వహించాలి. కార్మికుడు సొంత దేశంలోనే కేసు వేసుకోవచ్చు. 2010 సవరణతో ఏజెన్సీ ఖర్చుతోనే బీమా తప్పనిసరి చేసింది, సహజ మరణానికీ పరిహారం పెట్టింది. ఇలా చేసినంత మాత్రాన అక్కడ మోసాలు ఆగిపోలేదు. కానీ నష్టపోయినవాడికి పట్టుకోవడానికి ఒక మనిషి, ఒక చిరునామా దొరికాయి.

మన చట్టంలోనూ అదే కావాలి. సబ్ ఏజెంటు చేసే పనికి ఏజెన్సీదే బాధ్యత కావాలి. పదో తరగతి గీత, 30 ఏళ్ల గీత పోయి పని ఒప్పందం తనిఖీ అందరికీ రావాలి. సహజ మరణానికి బీమా, తిరిగొచ్చాక బాకీ జీతం రాబట్టుకునే న్యాయ సహాయం హక్కులు కావాలి.

ఇంకొకటి, మిగతావాళ్లు అడగనిది మనం అడగాలి. క్లియరెన్సుల లెక్కలు ప్రభుత్వం రాష్ట్రాలవారీగా చెబుతుంది, కులాలవారీగా ప్రచురించదు. వెళ్లేవారిలో, చనిపోయేవారిలో, ఉత్త చేతులతో తిరిగొచ్చేవారిలో దళితులు ఎందరో తెలియకపోతే ఎస్సీల అభివృద్ధి నిధి నుంచి వాళ్లకు ఎంత రావాలో ఎలా తేలుతుంది? తెలుగు రాష్ట్రాల్లో ఆ నిధికి చట్టాలున్నాయి, 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఒకటి, 2017లో తెలంగాణలో ఒకటి. గల్ఫ్ అప్పుల్లో మునిగిన కుటుంబాలను అందులో చేర్చాలంటే ముందు వాళ్లు లెక్కలోకి రావాలి.