మల్చింగ్ షీటు మైక్రాన్ల వెనక కథ



పుచ్చకో మిర్చికో మల్చింగ్ షీటు కొనడానికి షాపుకెళ్తే మొదట అడిగేది "ఎన్ని మైక్రాన్లది ఇమ్మంటారు?" అనే. పల్చనిది చవక, అందుకే చాలామందిమి అదే తెచ్చుకుంటాం. నేనూ తెచ్చాను, తప్పేం లేదు. కానీ ఆ మైక్రాన్ల దగ్గర కక్కుర్తి పడితే ఏమవుతుందో చైనా వాళ్లు నలభై ఏళ్లు చూశారు. ఆ సంగతే ఈ పోస్టు. కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

పాలిథిన్ పుట్టింది 1933లో, ఇంగ్లండులో ఐసీఐ కంపెనీ ల్యాబులో, అదీ అనుకోకుండా. యుద్ధంలో రాడార్ కేబుళ్లకు తొడుగుగా పనికొచ్చింది. ప్లాస్టిక్‌ను సేద్యంలోకి తెచ్చిన పేరు మాత్రం అమెరికాలో కెంటకీ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఎమరీ ఎమ్మెర్ట్‌ది. గాజు గ్రీన్‌హౌస్‌కు డబ్బు చాలక 1948లో చెక్క చట్రానికి పారదర్శక కాగితం కప్పాడాయన. తర్వాత పాలిథిన్‌కు మారి, నేల మీద పరిచే షీటు మీద కూడా ప్రయోగాలు చేశాడు.

చైనాకు ఈ పద్ధతి 1978 ప్రాంతంలో జపాన్ నుంచి వచ్చింది. షింజియాంగ్, గన్సు లాంటి చోట్ల వాన తక్కువ, చలి ఎక్కువ. షీటు వేస్తే నేల వెచ్చబడింది, తేమ నిలిచింది. తిండిగింజల దిగుబడి 20 నుంచి 35 శాతం, వాణిజ్య పంటలది 20 నుంచి 60 శాతం పెరిగింది. దాన్ని వాళ్లు శ్వేత విప్లవం అన్నారు. మనకు శ్వేత విప్లవం అంటే పాలు, వాళ్లకేమో ప్లాస్టిక్! 1982లో దేశం మొత్తానికి 6 వేల టన్నులు వాడితే, 2011కి అది 12 లక్షల 45 వేల టన్నులయింది.

ఇక్కడే మైక్రాన్ల లెక్క మొదలైంది. షీటు ఎంత పల్చనైతే కిలోకి అంత ఎక్కువ నేల కప్పుతుంది. 1992లో వాళ్ల ప్రభుత్వ ప్రమాణం 8 మైక్రాన్లు అంది, అందులో 3 అటూ ఇటూ ఉన్నా ఫర్వాలేదంది. అంటే 5 మైక్రాన్లది కూడా చెల్లిపోయింది. అలాంటి షీటు ఒక ఎండాకాలం గడిస్తే చేతికి రాదండి. పట్టుకుంటే పీలికలవుతుంది, మిగిలింది దుక్కిలో కలిసిపోతుంది.

ఎన్ని టన్నులు వాడారు, ఎంత పండింది అనే లెక్కలు ముందునుంచీ ఉన్నాయి. నేలలో ఎంత మిగిలిందనేది తర్వాతెప్పుడో తూకానికి వచ్చింది. పద్ధతి చాలా సాదా. మీటరు చదరం గీసి, దుక్కి లోతు దాకా మట్టి తీసి, జల్లెడ పట్టి, దొరికిన ముక్కల్ని కడిగి ఆరబెట్టి తూచడమే. షీటు ఎక్కువగా వాడే ప్రాంతాల్లో హెక్టారుకు 72 నుంచి 259 కిలోలు ఉన్నట్టు 2014లో వచ్చిన ఒక పరిశోధన పత్రం చెప్పింది. మన లెక్కలో ఎకరానికి 29 నుంచి 105 కిలోలు.

ఇది ఎంతో ఊహకు అందాలంటే, ఎకరం మొత్తం జానెడు ఖాళీ లేకుండా 8 మైక్రాన్ల షీటు కప్పితే అయ్యే బరువు 30 కిలోలు. అంటే కొన్ని పొలాల్లో మట్టి కింద మూడున్నర పొరల షీటు ముక్కలై ఉందన్నమాట. నీళ్లు సరిగా దిగవు, వేరు అడ్డం తిరుగుతుంది, గింజ ప్లాస్టిక్ ముక్క మీద పడితే మొలక రాదు. మిషన్‌తో తీసిన పత్తిలో కూడా షీటు ముక్కలే. శ్వేత విప్లవం అన్న నోటితోనే శ్వేత కాలుష్యం అన్నారు.

ఆ తూకంలోనూ లోపం ఉంది. జల్లెడలోంచి జారిపోయే సన్న ముక్కలు లెక్కలోకి రావు. రీసైక్లింగ్ లెక్క ఇంకా గమ్మత్తు. పొలంలోంచి పీకిన షీటుకు మట్టి అంటుకుని ఉంటుంది, బరువులో సగానికి పైగా మట్టే ఉండొచ్చు. వంద కిలోలు సేకరించామని కాగితం మీద రాసుకుంటే అందులో ప్లాస్టిక్ యాభై కూడా ఉండకపోవచ్చు. కడగడానికి నీళ్లు, కరెంటు ఖర్చు వేరే. అందుకే పల్చటి షీటు అంటే రీసైక్లింగ్ వాళ్లు మొహం తిప్పుకుంటారు.

చివరికి 2017లో ప్రమాణం మార్చి 10 మైక్రాన్లకు తగ్గకూడదన్నారు. గన్సులో పాత షీటు తెస్తే కొత్తది ఇచ్చే పద్ధతి పెట్టారు. ఇది నాకు బాగా నచ్చింది, పాత ఇనుముకు ఉల్లిపాయలు ఇచ్చినట్టు! కానీ అప్పటికే నేలలో కలిసినదాన్ని ఏ పథకమూ పూర్తిగా ఏరలేదు.

మన దగ్గర ఎక్కువగా దొరికేది 25, 30 మైక్రాన్లది, కాబట్టి మన పరిస్థితి కొంత నయం. నాలుగడుగుల వెడల్పు, 400 మీటర్ల పొడవున్న 25 మైక్రాన్ల రోలు దాదాపు 11 కిలోలు తూగుతుంది. పరిచే ముందు ఒకసారి తూచండి. పంట అయ్యాక రోటవేటర్ వేయకముందే షీటు పీకి, గట్టున తగలబెట్టకుండా, ఒక రోలుకు సరిపడా కడిగి ఆరబెట్టి మళ్లీ తూచండి. మిర్చి బస్తాలు తూచే కాటా చాలు. 11కి ఎంత తగ్గిందో అంత మీ చేలోనే ఉంది. ఎవరికి ఎంత వచ్చిందో కింద రాయండి, ఎన్ని మైక్రాన్లదో కూడా చెప్పండి.