రాజీనామా, విరమణ

కొలువు మానేస్తూ ఇచ్చే ఏ ఉత్తరాన్నయినా మనం రాజీనామా అనేస్తాం. పారసీకంలో ‘నామా’ అంటే పత్రం. వీలునామా, పంచనామాల్లో ఉన్నదీ అదే. ‘రాజీ’ అరబ్బీ నుంచి వచ్చింది, సమ్మతించడమని భావం. వెరసి ఒప్పుదల పత్రం. ఉర్దూలో ఈనాటికీ రాజీనామా అంటే తగువు తీర్చుకున్నవాళ్లు రాసుకునే కాగితమే. ఉద్యోగం వదలడానికి అక్కడ ఇస్తీఫా అనే వేరే మాట ఉంది. బొంబాయి ప్రాంతపు రెవెన్యూ వ్యవహారాల్లో రైతు తన భూమిని వదులుకుంటూ రాసిచ్చే పత్రాన్నీ రాజీనామా అనేవారు. ఒప్పుకోలు కాస్తా వదులుకోలుగా మారిన మలుపు నాకు అక్కడే కనిపిస్తుంది. తెలుగు, కన్నడం, మరాఠీ, తమిళాల్లో ఉద్యోగానికి సంబంధించి ఈ అర్థమే స్థిరపడింది.

విరమణ సంస్కృత పదం. ‘రమ్’ ధాతువుకు ‘వి’ చేరితే ఆగడం. విరామం దీని తోబుట్టువు.

రెండూ ఒకటే అనుకుంటే నష్టం సామాన్యం కాదు. కేంద్ర ప్రభుత్వ 1972 పింఛను నియమాల ప్రకారం, వాటి స్థానంలో వచ్చిన 2021 నియమాల ప్రకారం కూడా, అనుమతితో మరో ప్రభుత్వోద్యోగానికి వెళ్తే తప్ప, రాజీనామాతో అంతవరకు చేసిన సర్వీసంతా పోతుంది. అదే 20 ఏళ్ల సర్వీసు నిండాక మూడు నెలల నోటీసుతో స్వచ్ఛంద విరమణ కోరితే పింఛను దక్కుతుంది. ఢిల్లీ విద్యుత్ ఉద్యోగి ఒకరి కేసులో 2019లో సుప్రీంకోర్టు ఈ తేడానే ఖాయం చేసింది.

కాబట్టి పింఛనుకు అర్హత ఉన్నవారు ఉత్తరంలో ‘స్వచ్ఛంద పదవీ విరమణ’ అనే రాయండి, వర్తించే నియమం సంఖ్యతో సహా.