ధర్మాసుపత్రి నుండి తెల్లకార్డుకు: నెల్లూరు తీరంలో ఆరోగ్యశ్రీ

ఉపోద్ఘాతం

ప్రభుత్వ వైద్యశాలను ‘ధర్మాసుపత్రి’ అనడం తెలుగునాట చాలాకాలం వాడుకలో ఉంది. ఆ మాటలో వైద్యం దానం, రోగి అర్థి. 2007 తరువాత పేదల వైద్యానికి మరొక మాట వచ్చింది. ‘ఆరోగ్యశ్రీలో చేయించుకున్నాం’ అనే వాక్యంలో అర్థించే ధ్వని లేదు. అయితే దానితోపాటే ‘ఇది ఆరోగ్యశ్రీ కిందికి రాదన్నారు’ అనే వాక్యమూ పుట్టింది. ఈ వ్యాసం ఆ రెండో వాక్యం గురించి.

ఆరోగ్యశ్రీ చరిత్రను సాధారణంగా దాని గరిష్ఠ పరిమితి ఎదుగుదలగా చెబుతారు. ఒకటిన్నర లక్షలు, దానిపై అవసరాన్నిబట్టి మరో యాభైవేలు. 2014 తరువాత ఎన్.టి.ఆర్. వైద్యసేవ పేరుతో రెండున్నర లక్షలు; ఆపై 5 లక్షలు; 2023 డిసెంబరులో 25 లక్షలు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారింది, అంకె పెరిగింది. నెల్లూరు తీరం నుండి చూసినప్పుడు మాత్రం ఈ పథకపు పైకప్పు కంటే దాని గడప ముఖ్యమైన విషయంగా కనిపిస్తుంది. ఎవరు, ఏ జబ్బుతో, ఎంత దూరం వచ్చి, ఎన్ని రోజుల కూలి వదులుకొని లోపలికి రాగలిగారన్నదే ఇక్కడి ప్రశ్న.

పథకానికి ముందు

పెద్ద జబ్బు వచ్చిన పేదవాడికి ఆరోగ్యశ్రీకి ముందున్న దారి ముఖ్యమంత్రి సహాయనిధి. 2004 మే నుండి 2007 జూన్ వరకు ఆ నిధి నుండి యాభై అయిదు వేలకు పైగా రోగులకు దాదాపు 168 కోట్ల రూపాయలు అందాయి. దరఖాస్తు, సిఫారసు లేఖ, రాజధానిలో నిరీక్షణ దాని పద్ధతి. ఈ ఒత్తిడి నుండే 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. 2008 మధ్యనాటికి నెల్లూరుతో సహా నాటి 23 జిల్లాలకూ విస్తరించింది. తెల్ల రేషన్ కార్డు అర్హతపత్రమైంది. తొలుత స్టార్ హెల్త్ సంస్థ బీమాదారు; 2008 జూలై నుండి చేర్చిన చికిత్సలకు ప్రభుత్వ ట్రస్టే నేరుగా చెల్లించసాగింది. ఆసుపత్రిలో రోగికి దారి చూపడానికి ‘ఆరోగ్యమిత్ర’ కూర్చున్నాడు. సిఫారసు లేఖ చేసే పనిని కార్డు చేయడం చిన్న మార్పు కాదు. ఈ పథకాన్ని విమర్శించేవారు, ఈ వ్యాసకర్తతో సహా, మొదట ఒప్పుకోవలసిన సంగతి ఇది.

కార్డు లేనివారు

నెల్లూరు తీరంలో కావలి నుండి తడ వరకు పట్టపుకాపుల పాలేలు, యానాది సంఘాలు పక్కపక్కనే ఉన్నా పథకానికి వారి దూరం ఒకటి కాదు. మత్స్యకార గ్రామాలకు కులపెద్దల కట్టుబాటు ఉంది, సహకార సంఘాలున్నాయి. కార్డులు ఊరుమ్మడిగా రాయించుకోగల శక్తి ఉంది. యానాదుల జీవనం వేరు. రొయ్యల గుంటల కాపలా, చేపల వేట, పొలం పనులు ఎక్కడుంటే అక్కడికి కుటుంబం కదులుతుంది. శ్రీహరికోటలో అంతరిక్ష కేంద్రం కోసం 1970 ప్రాంతంలో దీవి ఖాళీ చేయించినప్పుడు చెదిరిన కుటుంబాలూ వీరిలో ఉన్నాయి. వెన్నెలకంటి రాఘవయ్య 1962లో యానాదులపై గ్రంథం వెలువరించిననాటికే వీరి అస్థిర నివాసం పరిశోధకుల దృష్టికి వచ్చింది. చిరునామా లేని చోట రేషన్ కార్డు లేదు. రేషన్ కార్డు లేని చోట ఆరోగ్యశ్రీ లేదు. పేదరికానికి రుజువుగా అడిగిన కాగితం అతిపేదల దగ్గరే తక్కువగా ఉండడం ఈ ఏర్పాటులోని వైరుధ్యం.

విక్టోరియా ఫాన్, అనూప్ కరణ్, అజయ్ మహల్ 2012లో ప్రచురించిన అధ్యయనాన్ని ఈ నేపథ్యంలో చదవాలి. పథకం మొదలైన తొలి తొమ్మిది నెలల్లో, మొదటి దశ జిల్లాల్లో, ఆసుపత్రిలో చేరినప్పుడు ప్రజలు జేబు నుండి పెట్టే ఖర్చు గణనీయంగా తగ్గిందని వారు తేల్చారు. కుటుంబాన్ని కుంగదీసే స్థాయి వైద్యవ్యయం తగ్గినట్లు స్పష్టమైన ఆధారం మాత్రం వారికి కనిపించలేదు. షెడ్యూల్డు కులాలు, తెగల కుటుంబాలకు మిగిలినవారంత ప్రయోజనం చేరలేదనీ గుర్తించారు. ఆ మొదటి దశ జిల్లాల్లో నెల్లూరు లేదు. అయినా తెగల విషయంలో ఆ నిర్ణయానికి కారణాలు వెదకడానికి యానాది సంఘాలు తగిన చోటు.

ఏ జబ్బు ‘కిందికి’ వస్తుంది?

తొలి పట్టికలో గుండె, మూత్రపిండాలు, క్యాన్సర్, కాలిన గాయాలు ప్రధానం. తీరంలో తరచుగా మనిషిని పడగొట్టేవి జ్వరాలు, క్షయ, పాముకాటు. పాముకాటు పట్టికలో ఉంది కానీ, కృత్రిమ శ్వాస అవసరమైన స్థితికి చేరినప్పుడే. పాములు పట్టడంలో పేరున్న యానాదికి కాటు పడితే పథకం అతణ్ణి గుర్తించేది ఊపిరి ఆగబోయే దశలో. అంతకుముందు కావలసిన విరుగుడు మందు, దాన్ని ఇచ్చే వైద్యుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండాలి. ఆ కేంద్రం బీమా పరిధిలోది కాదు. రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, ఆర్. శ్రీవత్సన్ 2011లో ఈ నమూనా ప్రైవేటు రంగానికే అనుకూలమని వాదించారు. ఆ ఏడాదే ప్రభుత్వం గర్భసంచి తొలగింపుతో సహా 133 చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేసింది. అవసరం లేని కోతలు జరుగుతున్నాయన్న ఆందోళన దానికి నేపథ్యం. పట్టిక ఏది చెల్లిస్తే వైద్యం అటు మొగ్గుతుందని దీనివల్ల తెలుస్తుంది.

2020 జనవరిలో పశ్చిమగోదావరి జిల్లాలో ప్రయోగాత్మకంగా మొదలైన మార్పు ఈ దృష్టితో కీలకం. వెయ్యి రూపాయలు దాటిన చికిత్స అంతటినీ పథకంలోకి తేవాలన్నది దాని ఉద్దేశం. పైకప్పు పెంచిన ప్రకటనలకు వచ్చినంత ప్రచారం దీనికి రాలేదు. పాముకాటు, జ్వరాల వంటి వాటికి దగ్గరగా జరిగిన నిర్ణయం మాత్రం ఇదే.

దూరం, కూలి

సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు పరిపాలనలో నెల్లూరువి, 2022 నుండి తిరుపతి జిల్లావి. రాకపోకల్లో మాత్రం చెన్నైవి. పులికాటు సరస్సులోని ఇరకం దీవివారు భీములవారిపాలెం రేవుకు పడవలో వచ్చి గాని బస్సు ఎక్కలేరు. రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగే బీమా ఇటువంటి చోట సగం బీమా. 2019 నవంబరు 1 నుండి హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై ఆసుపత్రుల్లో 716 చికిత్సలకు ఆరోగ్యశ్రీ వర్తింపజేయడం దక్షిణ తీరానికి సంబంధించినంతవరకు భౌగోళిక వాస్తవాన్ని ఒప్పుకోవడమే.

ఇక కూలి. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు సాగే వేట నిషేధకాలంలో మత్స్యకార కుటుంబానికి ప్రభుత్వం భృతి ఇస్తుంది. 2019లో అది పదివేలు. అంటే పోయిన రోజులకు ధర కట్టే సంప్రదాయం ఈ తీరానికి కొత్త కాదు. శస్త్రచికిత్స తరువాత పడకమీద పోయే రోజులకు ఆ లెక్క చాలాకాలం వర్తించలేదు. 2019 డిసెంబరు 2న ‘ఆరోగ్య ఆసరా’ మొదలైనప్పుడు కోలుకునే కాలానికి రోజుకు 225, నెలకు గరిష్ఠంగా 5 వేల రూపాయలు నిర్ణయించారు. రోగిని ఆసుపత్రి గుమ్మం దాటాక కూడా చూడవలసిన మనిషిగా పథకం పరిగణించిన ఆరంభం అది.

అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో 2008లో పేదల వైద్యబీమాకు లాటరీ ద్వారా మనుషులను ఎంపిక చేశారు. రెండేళ్ళలో అప్పుల బాధ, మానసిక కుంగుబాటు తగ్గాయి. రక్తపోటు వంటి శారీరక కొలతల్లో గణాంకపరంగా చెప్పుకోదగ్గ మెరుగు కనిపించలేదు. బీమా డబ్బు భయాన్ని త్వరగా తీరుస్తుంది, శరీరాన్ని అంత త్వరగా మార్చలేదన్నది ఆ ఫలితాలను ఈ వ్యాసకర్త చదువుకున్న తీరు. మన తీరంలో ఆ భయమైనా పూర్తిగా తీరిందనలేం. బకాయిలు చెల్లించలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపుతామన్న ప్రతిసారీ అది తిరిగి వస్తుంది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం తొలి రెండున్నర లక్షల వరకు బీమా సంస్థలు, ఆపైన 25 లక్షల వరకు ట్రస్టు భరించే మిశ్రమ పద్ధతిని ఆమోదించింది. 2007లో ప్రారంభమైన చోటికే, అంటే బీమా సంస్థ దగ్గరికే, పథకం కొంత తిరిగి వచ్చింది. కొత్త ఏర్పాటులో ఇరకం రేవు నుండి బయలుదేరే పడవ ఖర్చు ఏ పద్దులో పడుతుందో, సంచార యానాది కుటుంబం ఏ చిరునామాతో నమోదవుతుందో క్షేత్రస్థాయిలో నమోదు చేయవలసి ఉంది.